గడ్డి ఊగడం లేదు

మా మేనల్లుడి కంప్యూటర్లో గడ్డి ఊగడం లేదు. ఇదేం పెద్ద విషయమని ఎవరైనా అంటే, వాళ్లింట్లో ఇరవయ్యేళ్ల కుర్రాడు లేడని అర్థం. శ్రీకాకుళంలో మా అక్క ఇంటికి నడిచే దూరంలోనే నాగావళి గట్టు ఉంది. అక్కడ గడ్డి ఏ సెట్టింగూ మార్చకుండానే ఊగుతుంది, పైగా ఉచితం. ఆ మాటే అంటే వాడు నాకు గడ్డి పెట్టినంత పని చేశాడు.

"లో సెట్టింగ్స్‌లో ఆడటం కంటే ఆడకపోవడం నయం మావయ్యా" అన్నాడు. మా బావ ఆశగా తలెత్తి చూశాడు. వాడి ఉద్దేశం అది కాదు.

ఆటలో బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. పాతది నాణ్యత తగ్గించిన 'లో' సెట్టింగ్స్‌కే సరిపోతుందట, మార్చాలట. ఏది కొనాలో తేల్చడానికి నన్ను ఏకసభ్య కమిషన్‌గా వేశారు. నా అర్హతల్లా ఒకప్పుడు ఆ ఇంట్లో టీవీ రిమోట్ బాగుచేయడమే. కమిషన్ రెండు నెలలు పనిచేసింది. టీ, పకోడీ ఖర్చులు అక్కే భరించింది.

ఉన్న కార్డు ఎన్విడియా కంపెనీ జీటీఎక్స్ 1650, 2019 నాటి రకం. 4 జీబీ మెమరీ, 75 వాట్ల కరెంటు. ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో "చదువు కోసం" కొన్నది. ఇప్పుడు కొత్తది "ఏఐ ప్రాజెక్టు కోసం". మన వైపు ఏ తండ్రీ ఇంతవరకు ఆటల కోసం కార్డు కొనలేదని కమిషన్ దృష్టికి వచ్చింది. దేశంలో అమ్ముడైన కార్డులన్నీ చదువుకే పోయాయి.

ఇక పేర్ల సంగతి. 2021లో ఆర్‌టీఎక్స్ 3060 వచ్చింది, 12 జీబీతో. 2023లో 4060 వచ్చింది, 8 జీబీతో. 2025లో 5060, మళ్లీ 8 జీబీనే. నంబరు పెరిగింది, సరుకు తగ్గింది. ఏళ్లు గడిచే కొద్దీ తగ్గేది మన జిల్లాలో చెరువుల విస్తీర్ణం ఒక్కటే అనుకునేవాణ్ణి. దానికి ఒక మెట్టు పైనున్న 5060 టీఐ దగ్గరికొస్తే ఇంకో చిక్కు. అదే పేరుతో 8 జీబీది ఉంది, 16 జీబీది ఉంది. పోటీ కంపెనీ ఏఎండీ వాళ్ల 9060 ఎక్స్‌టీదీ అదే కథ. మా ఊళ్లో ఒకే ఇంట్లో ఇద్దరు అప్పన్నలుంటే పెదప్పన్న, చినప్పన్న అని పిలుస్తాం. చదువురాని ముసలమ్మలకు ఉన్న ఆ పాటి ఇంగితం లక్షల కోట్ల కంపెనీలకు లేకపోయింది.

8 జీబీ చాలదా అని బావ అడిగాడు. పంట కోతల రోజుల్లో గోదాము నిండితే ఏమవుతుంది? బస్తాలు రోడ్డు మీద పెట్టి, కావలసినప్పుడల్లా ఒక్కొక్కటే మోసుకురావాలి. కార్డు మెమరీ నిండినా అంతే. గోడల రంగులు, రాళ్ల గరుకులు కంప్యూటర్ ర్యామ్ అనే రోడ్డు మీది నుంచి మోసుకొచ్చేలోపు ఆట నత్తి పడుతుంది. సెట్టింగ్స్ హైలో పెట్టాలన్న పట్టుదల ఉన్నవాడికి 16 జీబీ పెదప్పన్నే దిక్కు. ఇది విన్నాక బావ మొహం కూడా లో సెట్టింగ్స్‌లోకి వెళ్లింది.

అప్పుడు మేనల్లుడు ఫ్రేమ్ జనరేషన్ అనే బ్రహ్మాస్త్రం తీశాడు. 5060 లాంటి 50 సిరీస్ కార్డు ఒక్క బొమ్మ, అంటే ఒక్క ఫ్రేమ్, నిజంగా గీస్తే, దాని పక్కన మరో మూడు ఊహించి కలపగలదట. నాలుగింట్లో ఒకటే అసలుదన్నమాట. మా పాలవాడు లీటరు పాలలో మూడు లీటర్ల నీళ్లు కలిపితే దాన్ని టెక్నాలజీ అనలేదు, వీధంతా చేరి గొడవపడ్డాం. అసలు ఫ్రేములు తక్కువగా ఉన్నప్పుడు ఈ కల్తీ వల్ల కంటికి నునుపుగానే కనిపిస్తుంది గానీ, మౌస్ కదిపాక ఆటలో తుపాకీ తిరగడానికి తీరుబడి కావాలి. పాలు తెల్లగా ఉన్నంత మాత్రాన తోడుకోవుగా.

కరెంటు విషయంలో మా అక్క జోక్యం చేసుకుంది. 5060కి 145 వాట్లు కావాలి. 5060 టీఐకి 180. మా అక్క గ్రైండరు మీద 150 వాట్లని రాసి ఉంది. "గ్రైండరు తిరిగితే పిండైనా వస్తుంది, దీన్నుంచి ఏం వస్తుంది?" అంది. గడ్డి ఊగుతుందని చెప్పాం. అన్నింటికన్నా పెద్దది 5090, దాని రేటింగు 575 వాట్లని నేను చెప్పబోతే మేనల్లుడు నా కాలు తొక్కాడు. తిత్లీ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన జిల్లా ఇది. ఇక్కడ ముందు కంప్యూటర్‌కు కరెంటు అందించే మంచి ఎస్‌ఎంపీఎస్, తర్వాత యూపీఎస్, ఆ తర్వాతే కార్డు అని కమిషన్ సిఫార్సు చేసింది. కమిషన్ల సిఫార్సులకు పట్టే గతే దీనికీ పట్టింది.

ధర తగ్గేదాకా ఆగుదామన్నది బావ వాదన. ఆయన 2021లోనూ ఆగాడు. అప్పుడు ఈ కార్డులతోనే క్రిప్టో నాణేలు తవ్వే గనులవాళ్లు కార్డులన్నీ ఎత్తుకుపోయారు. ఇప్పుడు ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులు మింగుతున్నాయి. పైన 18 శాతం జీఎస్టీ.

చివరికి బేరం రే ట్రేసింగ్ దగ్గర ఆగింది. 2018లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ పేరుతో దీన్ని ఇళ్లలోకి తెచ్చింది. వెలుతురు కిరణం ఎక్కడ బయల్దేరి, దేనికి తగిలి, ఎటు మళ్లిందో కార్డు లెక్కకడుతుంది. ఆ లెక్కలతో ఫ్రేములు సగానికి పడిపోయే ఆటలూ ఉన్నాయి. ఈ గొప్పలు వేరే జిల్లాలో చెప్పుకోవాలి. మనకు అరసవల్లి ఉంది. ఏటా మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు పొద్దున్నే సూర్యకిరణాలు మండపం దాటి గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. 7వ శతాబ్దంలో దేవేంద్రవర్మ కట్టించాడంటారు. అంటే ఏ కార్డూ లేకుండా, ఫ్యానైనా లేకుండా, కచ్చితమైన రే ట్రేసింగ్. మబ్బు పట్టిన రోజు ఫ్రేమ్ డ్రాప్ అవుతుంది, నిజమే. కానీ ఆ దృశ్యం కోసం చీకటితోనే వచ్చి నిలబడే జనంలో రిజల్యూషన్ ఎంతని అడిగినవాణ్ణి నేను చూడలేదు.

మేనల్లుడు ఇదంతా భక్తిగా విని, "అయితే ఆర్‌టీఎక్స్ మన జిల్లా సంస్కృతిలోనే ఉంది కదా మావయ్యా" అన్నాడు. కమిషన్ ఓడిపోయింది.

పెదప్పన్నే వచ్చాడు, 16 జీబీతో. పాత మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపిస్తుంది కాబట్టి ఆయన వెంట 144 హెర్ట్జ్ మానిటర్ కూడా దిగింది. కార్డుకు పని అందించే ప్రాసెసర్ మాత్రం పాతదే. ఏడు రోడ్ల జంక్షన్లో ముందున్న ఆటో కదలకపోతే వెనకున్నది ఎంత పెద్ద కారైతే ఏం అన్నాను. ఎవరూ వినలేదు. పది రోజులు వాడు ఊళ్లో స్నేహితులందరినీ పిలిచి "చూడండ్రా, వెన్నలా ఉంది, 144కీ 60కీ తేడా గుడ్డివాడికైనా తెలుస్తుంది" అని చూపించాడు. అందరూ తేడా చూశారు. మా బావ కూడా చూశాడు, డబ్బు పెట్టినవాడు గనుక మరీ స్పష్టంగా చూశాడు. పదకొండో రోజున వాడి చెల్లెలు వాల్‌పేపర్ మారుద్దామని డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచింది. మానిటర్ మొదటి రోజు నుంచీ 60లోనే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇప్పుడు 144లో పెట్టారు. గడ్డి బ్రహ్మాండంగా ఊగుతోంది. నిన్న మా అమ్మ వచ్చి వాడి వెనకాల నిలబడి, కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇంత గడ్డి ఎట్టుకుని ఒక్క ఆవైనా నేదేటిరా?" అంది.

వాడు ఆట ఆపి, సెట్టింగ్స్ తెరిచి, వెతకడం మొదలుపెట్టాడు.