హైబ్రిడ్డా, డీజిలా? మైలేజీ అంకె ఒక్కటే చూసి కొనొద్దండి

అనంతపురంలో ఈమధ్య ఎవరింట్లో కారు మాట వచ్చినా రెండు పేర్లే వినిపిస్తున్నాయి: హ్యుందాయ్ క్రెటా డీజిల్, టొయోటా హైరైడర్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజినూ, బ్యాటరీ మోటారూ రెండూ ఉండేది. అడిగిన ప్రతివాళ్లూ "హైబ్రిడ్ 28 ఇస్తుందంట కదన్నా" అంటారు. కంపెనీ లెక్కలో లీటరుకి 27.97 కిలోమీటర్లు, నిజమే. క్రెటా డీజిల్ మాన్యువల్‌కి 21.8. కానీ ఆ ఒక్క అంకె పట్టుకొని అన్ని లక్షలు పెట్టేస్తున్నారు చూడండి, అదే నాకు బాధ.

ముందు మన తిరుగుడు ఏందో చూసుకోండి. బెంగళూరులో పిల్లలు, ఊర్లో పెద్దోళ్లు, ఏడాదికోసారి తిరుపతి, మధ్యలో పెళ్లిళ్లు. అంటే ఎక్కువ భాగం హైవేనే. హైబ్రిడ్ గొప్పతనమంతా ట్రాఫిక్‌లో ఉంది, బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కుతుంది, నిదానంగా పోయేటప్పుడు ఇంజిన్ ఆగి మోటారు మీదే నడుస్తుంది. 44వ నంబరు హైవేలో వంద మీద పోతుంటే దానికి ఆ సందు ఎక్కడిది, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది.

లెక్కేద్దాం. మన దగ్గర పెట్రోలు సుమారు 110, డీజిల్ 98 అనుకోండి. హైవేలో హైబ్రిడ్ 21, డీజిల్ 18 ఇస్తే కిలోమీటరుకి 5 రూపాయల 24 పైసలు, 5 రూపాయల 44 పైసలు. 20 పైసలు తేడా! ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగినా మిగిలేది 3,000 రూపాయలు. అదే టౌన్‌లోనే తిరిగితే, హైబ్రిడ్ 24, డీజిల్ 13 అనుకుంటే, కిలోమీటరుకి దాదాపు మూడు రూపాయలు మిగులుతుంది, అప్పుడు హైబ్రిడ్డే న్యాయం. పైగా స్కూలు, మార్కెట్టు తప్ప హైవే ఎక్కని వాళ్లు డీజిల్ జోలికి పోవద్దు, సైలెన్సర్ దారిలో ఉండే డీపీఎఫ్ ఫిల్టరు మసి పట్టి లైటు వెలుగుతుంది, దాన్ని కాల్చుకోవడానికి బండి కొంతసేపు స్పీడులో పోవాల్సిందే.

డిక్కీ సంగతి ఎవరూ అడగరేమి? క్రెటాలో 433 లీటర్లు. హైబ్రిడ్‌లో బ్యాటరీ వెనకే ఉంటుంది, డిక్కీ నేల పైకి లేచి ఉంటుంది, పెద్ద సూట్‌కేసు నిలబెడితే పైన షెల్ఫుకి తగులుతుంది, పడుకోబెడితే ఇంక మిగతా వాటికి చోటు లేదు. ఊరి నుంచి వచ్చేటప్పుడు మా అమ్మ ఒక బియ్యం మూట, చెనక్కాయల సంచి, పచ్చడి జాడీ పెట్టకుండా పంపదు. అవన్నీ వెనక సీట్లో కాళ్ల కింద పెట్టుకొని నాలుగు గంటలు కూర్చోమంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దోళ్లు ఎట్ల కూర్చుంటారు?

హైబ్రిడ్‌కి ఒక మార్కు గట్టిగా వేస్తాను. ఇంజిన్ ఆగినా ఏసీ ఆగదు. ఏప్రిల్, మే ఎండల్లో రైల్వే గేటు దగ్గర నిలబడిన వాళ్లకి దాని విలువ తెలుస్తుంది. బ్యాటరీ పోతే ఎట్లా అనే టెన్షన్ కూడా అనవసరం, 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. అట్లే డీజిల్ బండి పదేళ్లకే మూలన పడుతుందనే భయమూ వద్దు, ఆ పదేళ్ల రూలు ఢిల్లీ చుట్టుపక్కల వాళ్లది.

ఇంకొకటి. రాప్తాడు దాటి పెనుకొండ వైపు పోతే కియా సెల్టాస్ కారు మన గడ్డ మీదే, ఎర్రమంచిలో 2019 నుంచి తయారవుతోంది, అందులోనూ ఇట్లాంటి 1.5 డీజిల్ ఇంజినే. క్రెటా చూసేవాళ్లు దాన్నీ ఒకసారి నడిపి చూడండి.

షోరూములో "ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలి" అంటే తల ఊపేయొద్దు. బయట ఏ కంపెనీ దగ్గరైనా తీసుకునే హక్కు మీది, కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) తప్పనిసరి, అంతే. ఎంతవుతుందో కోట్ రెండు మూడు చోట్ల రాయించుకోండి.

మా బావ వారం వారం బెంగళూరు పోతాడు, ఆయనకి డీజిల్ మాన్యువల్లే తీసుకోమన్నాను. మా చెల్లెలు టౌన్‌లో టీచరు, సాయినగర్ నుంచి బడికి, బడి నుంచి ఇంటికి. ఆమెకి హైబ్రిడ్ చెప్పాను. మీరు టెస్ట్ డ్రైవ్‌కి పోయేటప్పుడు ఇంట్లోని పెద్ద సూట్‌కేసూ, అమ్మానాన్నలనూ తీసుకొని పొండి.