ఉభయకుశలోపరి, మిర్రర్ సర్వర్ గారూ

మహారాజశ్రీ మిర్రర్ సర్వర్ గారికి,

ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమా అని అడిగితే మాత్రం రెండు జవాబులు వచ్చాయి. ఒకసారి, పొద్దున్నే తలంటుకుని కూర్చున్నానన్నారు. ఇంకోసారి, పదకొండు రోజులుగా మంచం దిగలేదన్నారు. ఏది నమ్మాలో తేలక ఈ ఉత్తరం.

మా ల్యాబ్‌లో 40 మెషిన్లు, అన్నిట్లోనూ డెబియన్ లినక్స్; దాని సాఫ్ట్‌వేర్ కాపీ దగ్గర పెట్టుకుని పంచేవారు మీరు. సోమవారం నుంచి సి లాంగ్వేజి ప్రాక్టికల్స్. అన్నిట్లో సి కంపైలర్ జీసీసీ ఎక్కిద్దామని శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి తేవాలో రాసుండే సోర్సెస్ డాట్ లిస్ట్‌లో మీ పేరే ఉంది. దగ్గరివారు, స్పీడుగా ఉంటారు, పైగా ఊరికే ఇస్తారు. ఆరింటికి లెక్క చూసుకుంటే 23 మెషిన్లలో ఎక్కింది, 17లో ఎక్కలేదు. అదే స్విచ్, అదే కమాండ్. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అంటే ఏమిటో నాకు ఆ సాయంత్రం అర్థమైంది.

ఎర్రర్లలోనూ మీది ఒక మాట మీద నిలబడే రకం కాదు. కొన్ని మెషిన్లలో ‘404 నాట్ ఫౌండ్’, అంటే అడిగిన ఫైలు లేదని. కొన్నిట్లో ఫైలు సైజు ఉండాల్సినంత లేదని చెప్పి, చివర్లో ‘మిర్రర్ సింక్ ఇన్ ప్రోగ్రెస్?’ (అసలుదాన్ని చూసి కాపీ సరిచేసుకోవడం నడుస్తోందా?) అని ప్రశ్నార్థకం. ప్యాకేజీలు తెచ్చి ఎక్కించే ఆప్ట్ నన్నడుగుతోందండీ! నాకేం తెలుసు?

మీ మీద అనుమానం రాకముందు చాలామందిని ఆడిపోసుకున్నాను. మొదట కేబుల్ మార్చాను. తర్వాత ఆప్ట్ దాచుకున్న జాబితాల ఫోల్డర్ మొత్తం చెరిపేసి మళ్ళీ తెప్పించాను. అలా చేస్తే అంతవరకూ బాగున్న రెండు మెషిన్లు కూడా పడకేశాయి. నెట్ ఇచ్చేవాడు మధ్యలో పాత కాపీ ఏదైనా దాచుకుని అదే వడ్డిస్తున్నాడేమోనని వాడికి ఫోన్ చేసి అరిచాను. పాపం, ఈ ఒక్క విషయంలో వాడి తప్పు లేదు. ఇంతలో మా అటెండర్ వచ్చి, “సార్, రెండు మూడుసార్లు కొట్టండి, అదే వస్తుంది” అన్నాడు. కొట్టాను. వచ్చింది! డిగ్రీలున్న నేను తలదించుకోవాల్సి వచ్చింది. ఏ తప్పైనా ప్రతిసారీ జరిగితే దొరుకుతుంది. రెండుసార్లకోసారి జరిగేదాన్ని పట్టుకోవడానికి మనిషి సగం మంత్రగాడు కావాలి.

రాత్రి ఎనిమిదింటికి, స్క్రీన్ మీద కనెక్ట్ అవుతున్నప్పుడు బ్రాకెట్లో కనిపించే ఐపీ అడ్రస్ మీద కన్నుపడింది. ఒకసారి చివర 10, ఇంకోసారి చివర 11. అంటే మీరు ఒకరు కాదు. ఒకే పేరు పెట్టుకుని ఇద్దరున్నారు. అడిగినవాళ్ళని, పేరుకి అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్ ఒకసారి అన్న దగ్గరికి, ఒకసారి తమ్ముడి దగ్గరికి పంపుతోంది. పేరుకి అడ్రస్ మనమే రాసుకునే హోస్ట్స్ ఫైల్లో ఒక్కో అడ్రస్‌నీ విడివిడిగా కట్టేసి, మీ ప్రాజెక్ట్ ఫోల్డర్లోని ట్రేస్ ఫైలు తెరిచాను. మిర్రర్ చివరిసారి ఎప్పుడు సింక్ అయిందో రాసి ఉండేది అందులోనే కదా. అన్నగారి తేదీ ఆ రోజు ఉదయం. తమ్ముడుగారిది పదకొండు రోజుల కిందటిది. మావైపు పదకొండో రోజంటే దేనికి గుర్తో మీకు చెప్పక్కర్లేదు.

ఆ వారం ముందు శనివారమే డెబియన్ స్టేబుల్‌కి (స్థిరమైన వెర్షన్‌కి) పాయింట్ రిలీజ్, అంటే దిద్దుబాట్లన్నీ కలిపిన చిన్న విడుదల, వచ్చింది. జాబితా అన్న దగ్గర తీసుకుని సరుకు కోసం తమ్ముడి దగ్గరికి వెళ్తే, కొత్త వెర్షన్ అక్కడికింకా చేరలేదు: 404. జాబితా తమ్ముడి దగ్గర తీసుకుని అన్న దగ్గరికి వెళ్తే, పాత వెర్షన్ అక్కడ తీసేశారు: అదీ 404. ఆ రిలీజ్‌లో మారని ప్యాకేజీలు మాత్రం ఎవరి దగ్గరికి వెళ్ళినా వచ్చేస్తున్నాయి. విమ్ ఎడిటర్ సుఖంగా ఎక్కుతుంది, జీసీసీ మాత్రం తాను అడిగే లిబ్‌సీ డెవ్ ప్యాకేజీ దగ్గర ఆగుతుంది. రేషన్ షాపు పలక మీద పంచదార అని రాసి, లోపలికెళ్తే బస్తా రాలేదనడం మాకు అలవాటే. బస్తా ఇక్కడ, పలక పక్క వీధిలో ఉండటం మాత్రం మొదటిసారి చూశాను.

తమ్ముడుగారిలో నాకు బాగా నచ్చింది ఆయన నిజాయితీ. ఆయన ఇచ్చిన రిలీజ్ ఫైలు (జాబితాలన్నిటికీ పైన ఉండే చిట్టా) మీద డెబియన్ వారి సంతకం అక్షరాలా సరిపోయింది. సంతకం చూసే ఆప్ట్ నమ్మింది. ఫైలు అసలుదని చెప్పడమే సంతకం పని, తాజాదని చెప్పడం దాని పని కాదు. అందుకే సెక్యూరిటీ అప్‌డేట్ల రిలీజ్ ఫైల్లో ‘వ్యాలిడ్ అంటిల్’ అని గడువు తేదీ వేస్తారు, పాల ప్యాకెట్ మీద వేసినట్టు. స్టేబుల్ అసలు ఫైలు మీద ఆ గడువు ఉండదు. కాబట్టి మీ తమ్ముడుగారు పదకొండు రోజుల కిందటి నిజాన్నే రాజముద్రతో సహా పంచుతున్నారు.

సింక్ ఎలా చెయ్యాలో మీవాళ్ళకి నేను చెప్పాలా? డెబియన్ వారి అసలు ఆర్కైవ్ రోజుకి నాలుగుసార్లు మారుతుంది. మిర్రర్లకోసమే డెబియన్ వారు ఎఫ్‌టీపీసింక్ అని ఒక స్క్రిప్టు ఇస్తారు. అది రెండు విడతల్లో నడుస్తుంది: ముందు ప్యాకేజీలు గోదాంలోకి చేరతాయి, ఆ తర్వాతే జాబితాలు మారతాయి, పాత సరుకు తీసేయడం ఆఖరున. ఫైళ్ళు కాపీ చేసే ఉత్త ఆర్‌సింక్ ఒక్కటి, టైముకి పనులు నడిపే క్రాన్‌లో పెట్టి చేతులు దులుపుకుంటే ఈ వరస తప్పుతుంది. ఎవరు అలా పెడతారో, ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు.

పూర్తిగా పడిపోయిన సర్వర్ మీద నాకు గౌరవం ఉంది. అది లేదని వెంటనే తెలుస్తుంది, ఇంకోదాని దగ్గరికి పోతాం. సగం బతికున్న మీతోనే నా శుక్రవారం పోయింది.

*

పై ఉత్తరం పోస్టు చేయకుండా సొరుగులో పెట్టాను. రెండు నెలలైంది. ఈలోగా ఇంకెవరి గడపా తొక్కకూడదని పంతం పట్టి, మూలన పడున్న పాత సర్వర్ దులిపి, ల్యాబ్‌లోనే ఏఎండీ64 రకం ప్రాసెసర్ ఒక్కదానికి మిర్రర్ పెట్టాను. టైం లేక, ఎఫ్‌టీపీసింక్ తర్వాత చూద్దామని ఆర్‌సింక్ ఒక్కటి క్రాన్‌లో పెట్టాను. రెండుసార్లు ఒకేసారి నడవకుండా ఒక లాక్ ఫైలు కూడా. బాగుందని పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు కూడా అందులోంచే తీసుకోవడం మొదలుపెట్టారు. కాదంటే బాగోదు కదా.

ఈ మధ్య సింక్ నడుస్తుండగా ఒకరోజు కరెంటు పోయింది. తిరిగొచ్చాక అన్నీ ఆన్ అయ్యాయి. లాక్ ఫైలు కూడా అలాగే ఉండిపోయింది. అది కనబడినప్పుడల్లా క్రాన్ తలుపు దాకా వచ్చి, లోపల ఎవరో ఉన్నారనుకుని మర్యాదగా వెనక్కి వెళ్ళిపోతోందట. ఈ పొద్దున తేదీ చూశాను. పదమూడు రోజులు.

ఇప్పుడే అటెండర్ వచ్చి, పక్క డిపార్ట్‌మెంట్ సార్ ఇమ్మన్నారని ఒక కవరు టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు. లావుగానే ఉంది. ఇంకా విప్పలేదు. అది విప్పేలోగా మీరొక్క మాట చెప్పండి: ఆ లాక్ ఫైలు ఒక్కటి చెరిపేస్తే సరిపోతుందా, లేక మొత్తం మొదటినుంచి తెచ్చుకోవాలా?

ఇట్లు,
మీ తమ్ముడుగారికి తమ్ముడు