ఏ జీసీసీ బాబూ? ఆ వెర్షన్ ఒక్కటి రాసి పుణ్యం కట్టుకోండి

ఇవాళ ఓ సర్క్యూట్ బోర్డుల కంపెనీ తన ఫర్మ్‌వేర్ (బోర్డు చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) సోర్స్ కోడ్ మొత్తం బయటపెట్టామంది. సంతోషం. రీడ్‌మీ తెరిస్తే ఒక్కటే లైను: "ఆర్మ్ జీసీసీ వేసుకుని మేక్ కొట్టండి." ఆర్మ్ అంటే చిప్ రకం, జీసీసీ అంటే సీ కోడ్‌ని ఆ చిప్ భాషలోకి మార్చే కంపైలర్, మేక్ అంటే బిల్డ్ చేసే కమాండు. వంటల పుస్తకంలో "కూర వండుకుని తినండి" అని రాసినట్టుంది.

ఏ జీసీసీ? ఆర్మ్-నన్-ఈఏబీఐ నా, ఆర్మ్-లినక్స్-గ్నూఈఏబీఐహెచ్‌ఎఫ్ నా? మొదటిది ఓఎస్ లేని మైక్రోకంట్రోలర్‌కి, రెండోది లినక్స్ నడిచే బోర్డుకి. పేరులో ఆర్మ్ ఉందని రెండోది దించుకున్న కుర్రాడి ఆదివారం పోయినట్టే.

సరే, మొదటిదే అనుకుందాం. వెర్షన్? ఉబుంటు లినక్స్ 20.04లో ఆప్ట్ (ప్యాకేజీలు వేసే కమాండు)తో వేస్తే 9 సిరీస్ వస్తుంది. 22.04లో 10.3, 24.04లో 13.2. కమాండు ఒకటే, కంపైలర్లు మూడు. ఈ మహానుభావులేమో హెడర్ ఫైల్లో ఎక్స్‌టర్న్ (అసలు వేరియబుల్ వేరే ఫైల్లో ఉందని చెప్పే మాట) లేకుండా గ్లోబల్ వేరియబుల్స్ పెట్టారు. 9 దాకా లింకర్ (కంపైలైన ముక్కల్ని కలిపే టూలు) అవన్నీ ఒకటిగా కలిపేసి ఊరుకునేది. 10 నుంచి ఎఫ్-నో-కామన్ (అలా కలపొద్దనే ఫ్లాగ్) డిఫాల్ట్ అయింది. అంతే, ఆ హెడర్ పెట్టుకున్న ప్రతి ఫైలు నుంచీ "మల్టిపుల్ డెఫినిషన్". హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి, అసలు డెఫినిషన్ ఒక్క సీ ఫైల్లో ఉంచితే శాశ్వతంగా పోతుంది. ఈ రాత్రికి గండం గట్టెక్కాలంటే ఎఫ్-కామన్ ఫ్లాగ్ చాలు. ఇష్యూ పెడితే వచ్చే జవాబు మీకు తెలుసుగా: "మా దగ్గర బాగానే బిల్డ్ అవుతోంది." అవుతుంది మరి, మీ దగ్గరున్నది 2019 నాటి కంపైలర్!

అసలు మంట ఇది కాదు. సోర్స్ ఇచ్చామని డప్పు కొట్టి, రేడియో భాగం మాత్రం డాట్-ఏ లైబ్రరీగా (సోర్స్ లేకుండా ముందే కంపైలైన ఫైలుగా) పెట్టారు. అది హార్డ్ ఫ్లోట్‌తో (ఫంక్షన్లకి దశాంశ సంఖ్యల్ని చిప్‌లో దశాంశ లెక్కలు చేసే ఎఫ్‌పీయూ రిజిస్టర్లలో అందించే పద్ధతితో) కంపైల్ అయింది. ఆ ముక్క ఎక్కడా రాయలేదు. మనం మామూలుగా కొడితే లింకర్ "వీఎఫ్‌పీ రిజిస్టర్ ఆర్గ్యుమెంట్స్" అంటూ తిడుతుంది. కార్టెక్స్-ఎం4 చిప్ అయితే ఫ్లోట్-ఏబీఐ హార్డ్, ఎఫ్‌పీయూ ఎఫ్‌పీవీ4-ఎస్‌పీ-డీ16 ఇవ్వాలి. కంపైల్‌కి ఇచ్చి లింక్‌కి మర్చిపోతే మళ్లీ మొదటికే, ఎందుకంటే ఏ లిబ్‌సీ (సీ లైబ్రరీ) కలపాలో జీసీసీ ఆ ఫ్లాగులు చూసే ఎంచుకుంటుంది. సాఫ్ట్‌ఎఫ్‌పీ పెడితే సరిపోతుందని సలహాలిచ్చే పెద్దమనుషులూ ఉన్నారు. సాఫ్ట్‌ఎఫ్‌పీ ఎఫ్‌పీయూని వాడినా విలువల్ని మామూలు రిజిస్టర్లలోనే అందిస్తుంది, అందుకే కలిసేది సాఫ్ట్‌తో, హార్డ్‌తో కాదు స్వామీ.

డాకర్ (విడి కంటైనర్)లో బిల్డ్ చేసేవాళ్లకి ఇంకో ప్రసాదం. ఇమేజ్ చిన్నగా ఉండాలని నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ (సిఫారసు ప్యాకేజీలు వద్దనే ఆప్షన్) పెడతారు. న్యూలిబ్ అనే సీ లైబ్రరీ ఉండేది వేరే ప్యాకేజీలో, అది రికమెండ్స్ జాబితాలో. కంపైలర్ దిగుతుంది, న్యూలిబ్ చిన్న వెర్షన్‌ని ఎంచే నానో స్పెక్స్ ఫైలు దొరకదు. లిబ్‌న్యూలిబ్ ప్యాకేజీ పేరు విడిగా చెప్పి వేయించాలి. అదే నానోతో ప్రింట్‌ఎఫ్‌లో దశాంశ సంఖ్య ఖాళీగా వస్తే సెన్సర్‌ని అనుమానించి మార్చేస్తారు కొందరు. లింకర్‌కి యూ ఫ్లాగ్‌తో "అండర్‌స్కోర్-ప్రింట్‌ఎఫ్-అండర్‌స్కోర్-ఫ్లోట్" ఇవ్వండి, ఫ్లాష్ మెమరీలో కొన్ని కేబీలు పోతాయి, అంతే.

ఏ ఎర్రర్ వచ్చినా సుడో మేక్ (రూట్ హక్కులతో మేక్) కొట్టమనే బ్యాచ్‌కి వేరే దండం. సుడో మామూలుగా మీ పాత్‌ని (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితాని) పక్కన పడేసి తన పాత్ వాడుతుంది, మీరు విడిగా దించి పెట్టుకున్న టూల్‌చైన్ (కంపైలర్, లింకర్ సెట్టు) కనపడదు. పైగా బిల్డ్ ఫోల్డర్‌లో ఫైళ్లు రూట్ పేరు మీద మిగిలిపోయి, తర్వాత మామూలు మేక్‌కి పర్మిషన్ డినైడ్.

అయినా కంపెనీని అని ఏం లాభం? అమీర్‌పేట మెట్లెక్కి వేలకు వేలు కట్టే ఎంబెడెడ్ కోర్సుల్లో నేర్పేదేమిటి? ఐడీఈ (కోడ్ రాసి బిల్డ్ చేసే సాఫ్ట్‌వేర్)లో సుత్తి బొమ్మ నొక్కడం! లింకర్ స్క్రిప్టు తెరిచి చూపించరు, మ్యాప్ ఫైలు ఊసే ఎత్తరు, మల్టీలిబ్ (ఫ్లాగుల్ని బట్టి ఎంచే లైబ్రరీల సెట్టు) అంటే కొత్త టిఫిన్ సెంటర్ అనుకుంటారు. పూర్తయ్యాక ఫ్యాకల్టీ గారు "టూల్స్ ఫైనల్ న్యూ 2" అనే జిప్ డ్రైవ్‌లో షేర్ చేస్తారు. అందులో ఏ వెర్షన్ ఉందో ఆయనకీ తెలీదు. ఆ బ్యాచ్ వాళ్లే రేపు ఓ కంపెనీలో చేరి రీడ్‌మీలు రాస్తారు. ఏమని రాస్తారో ఇవాళ చూశాంగా.