పాముల పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చే ముందు ఒక్క వేసవి ఆగండి

పోయిన ఆదివారం తెలిసినాయన ఒకరు కొత్తగా చేయించిన పాముల ర్యాక్ చూడ్డానికి రమ్మంటే వెళ్లాను. ఆరు అరలు. ఒక్కో అరలో దుప్పట్లు దాచుకునే సైజు ప్లాస్టిక్ డబ్బా, ఒక్కో డబ్బాలో ఒక బాల్ పైథాన్, ఆఫ్రికా కొండచిలువల్లో చిన్న రకం. కింద వేడి కోసం హీటింగ్, ఆ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మాత్రం ఆరింటికీ కలిపి ఒకటే. పై డబ్బా బయటికి లాగితే పాము నీళ్ల గిన్నెలో చుట్ట చుట్టుకుని ఉంది. "దీనికి నీళ్లంటే మహా ఇష్టం" అన్నారాయన. బయట రోహిణి కార్తె ఎండ. పై అంతస్తు ఇల్లు, నెత్తిన స్లాబు. బాల్ పైథాన్ రోజంతా గిన్నెలోంచి కదలడం లేదంటే ఒంటికి పురుగైనా పట్టి ఉండాలి, వేడికి తట్టుకోలేకైనా ఉండాలి. గన్ థర్మామీటర్ తెప్పించి చూశాం. డబ్బా అడుగున 37 డిగ్రీలు.

ఆయన చెడ్డవారు కాదు. పాముల మీద ప్రేమతోనే ఇంత ఖర్చు పెట్టారు. కానీ ఆ ర్యాక్ డిజైన్ చలిదేశాల వాళ్లది. అక్కడ సమస్య పెట్టెను వెచ్చగా ఉంచడం. హైదరాబాద్‌లో ఏడాదిలో నాలుగైదు నెలలు మన సమస్య దానికి పూర్తిగా ఎదురు. ఈ ఒక్క విషయం పట్టించుకోకుండా డ్రాయింగ్ దించుకుని కట్టించేస్తున్నాం. నేనూ అలాగే కట్టించాను కాబట్టి చెబుతున్నాను.

2021లో నా మొదటి మూడంతస్తుల పెట్టె. 12 ఎంఎం ప్లైవుడ్, ఒక అర కప్పే పై అరకి నేల. కింద అర కప్పుకి సిరామిక్ హీటర్ బిగించాను. ఆ వేడి పలకలోంచి పైకి వెళ్తుందన్న ఆలోచనే రాలేదు. పై అరలో నా పాముకి పొట్ట కింద పొలుసులు గోధుమరంగుకి తిరిగాయి. మట్టి మరకనుకున్నాను. తడిగుడ్డతో తుడిస్తే పోలేదు. కాలిన గాయమది. పాములు వేడి నేల మీద కాలుతున్నా లేచి పక్కకి పోకపోవచ్చని డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. రోజూ మందు రాస్తూ, పాత కాగితాలు పరిచి ఉంచాను. మూడు కుబుసాలు విడిచాక గానీ ఆ మచ్చ పల్చబడలేదు. ప్రతి కుబుసాన్నీ వెలుతురులో పట్టుకుని పొట్ట వైపు చూసుకునేవాడిని.

అందుకే నా మాట ఒక్కటే. పేర్చిన పెట్టెల్లో ప్రతి అరా ఒక విడి ఇల్లు కావాలి. దాని కప్పు వేరు, నేల వేరు, మధ్యలో కనీసం రెండంగుళాల గాలి సందు. థర్మోస్టాట్ వేరు, తాళం వేరు. బీరువాలా ఒకే చట్రంలో పలకలు దూర్చి అరలు చేస్తే ఖర్చు తగ్గుతుంది, నిజమే. ఆ తగ్గిన ఖర్చు పాము భరిస్తుంది.

ఇక డబ్బాల సంగతి. "బాల్ పైథాన్ ఆఫ్రికాలో బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటుంది, దానికి ఇరుకే ఇష్టం" అని వాదిస్తారు. మొదటి సగం నిజం. పుట్టలో పాము అనే మాట మనకి కొత్తదేం కాదు. కానీ పుట్టలో పాము పుట్టలోనే బతుకు గడపదు కదా. రాత్రయితే బయటికొస్తుంది, తిరుగుతుంది, వేటాడుతుంది. మగవి చెట్లెక్కడం కూడా అక్కడ చూశారు. దాక్కోవడానికి ఇరుకైన చోటు ఇవ్వాలి, అది పెద్ద పెట్టె లోపల ఇవ్వాలి. నాలుగడుగుల పాముకి రెండున్నర అడుగుల డబ్బా ఇస్తే అది బతికినన్నాళ్లూ ఒక్కసారి కూడా నిటారుగా సాగలేదు. ఇది 20, 30 ఏళ్లు బతికే జీవి. అన్నేళ్లు ఒళ్లు విరుచుకోకుండా ఉండమంటున్నాం.

కాబట్టి పొడవు కనీసం పాము పొడవంత. పెద్ద బాల్ పైథాన్‌కి నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు. ఇది మన ప్లైవుడ్‌కి భలే కుదురుతుంది. 8x4 షీటుని 4x2 ముక్కలు నాలుగు చేస్తే ఒకటి కప్పు, ఒకటి నేల, ఒకటి వెనక గోడ, నాలుగోదాన్ని సగానికి కోస్తే రెండు పక్కలు. ఒక్క షీటుకి ఒక పెట్టె, ముక్క వృథా లేదు. ముందుకి 5 ఎంఎం టఫెండ్ గ్లాసు, రెండు పలకలుగా పక్కకి జరిగేలా, మధ్యలో షోకేసులకి వేసే తాళం. ఎండీఎఫ్ (చెక్కపొడి అతికించి చేసే పలక) వద్దు. నీళ్ల గిన్నె రెండుసార్లు ఒలికితే ఉబ్బిపోతుంది. నీళ్లకి తట్టుకునే 18 ఎంఎం ప్లై అడగండి. చెదల మందు గురించి కూడా అడగండి. "చెదలు పట్టవు సార్, మందు కొట్టిందే" అని షాపువాడు గొప్పగా చెబుతాడు. ఆ మందు సోఫాకి మంచిదే, పాము రాత్రంతా పొట్టతో రాసుకునే నేలకి కాదు. వార్నిష్, సిలికాన్ అయ్యాక వాసన పూర్తిగా పోయేదాకా, నా లెక్కన మూడు వారాలు, పాముని లోపల పెట్టొద్దు.

బరువు సంగతీ చూసుకోవాలి. 18 ఎంఎం షీటే 35 కిలోల దాకా ఉంటుంది. గ్లాసు, మట్టి, నీళ్లు కలిస్తే ఒక్కో పెట్టె 55 కిలోలు. మూడు పేరిస్తే ఇంట్లో ఇద్దరు మనుషులు గాల్లో నిలబడ్డట్టే. అందుకని రెండోసారి వెల్డింగ్ షాపులో ఇనప యాంగిల్ స్టాండు చేయించాను. ప్రతి పెట్టె దాని యాంగిల్స్ మీద కూర్చుంటుంది, పక్క పెట్టెని కదపకుండా ఒకదాన్ని బయటికి తీసి కడగొచ్చు. స్టాండుని గోడకి క్లాంపులతో బిగించాను.

ఆ పెట్టెలు చేసిన వడ్రంగి అన్న నా డ్రాయింగ్ చూసి, "ఏం పెడ్తరు సారూ ఇందుల? టీవీ కూడా గింత లోతు ఉండది" అన్నాడు. చెప్పాను. కాసేపు కాగితం వంకే చూశాడు. "మరి గాలికి సందు ఏడున్నది?" అన్నాడు. నేను వెనక గోడకి పైన రెండు రంధ్రాలు గీశాను, అంతే. "గట్లయితె లోపలి గాలి లోపల్నే తిరుగుతది. కోళ్ల గూటికి గూడ కింద దిక్కు, మీద దిక్కు ఇడుస్తం" అన్నాడు. అంతే, డిజైన్ మారిపోయింది. హీటర్ లేని చల్లని వైపు కింద జాలీ, హీటరున్న వేడి వైపు పైన జాలీ. వేడిగాలి పైనుంచి పోతూ కిందినుంచి చల్లగాలిని లాక్కుంటుంది. ఇన్ని వీడియోలు చూసిన నాకు తట్టనిది ఆయనకి ఒక్క చూపులో తట్టింది.

మన ఊరికి తగ్గ లెక్క ఇంకొకటి. వేసవిలో నా గదిలో నేల దగ్గరికీ ఏడడుగుల ఎత్తుకీ మూడు డిగ్రీల తేడా చూశాను. అంటే ఏ పాము ఏ అరలో ఉండాలన్నది మన ఇష్టం కాదు. అమెరికా పాము కార్న్ స్నేక్ చల్లదనం కోరుతుంది, అది అట్టడుగున. బాల్ పైథాన్ దాని పైన. దానికి వేడి వైపు 31, 32 డిగ్రీలు, చల్లని వైపు 26 చాలు. ఏప్రిల్, మే నెలల్లో గదే 35 ఉంటే చల్లని వైపు ఎక్కణ్నుంచి వస్తుంది? హీటర్లు ఆపేసి, గదికి కూలరో ఏసీయో పెట్టాల్సిందే. కూలర్ వల్ల గాలిలో తేమ కూడా పెరుగుతుంది, ఆ నెలల్లో బాల్ పైథాన్‌కి అదీ కావాలి. హీటర్ నిజంగా అవసరమయ్యేది డిసెంబర్, జనవరి రాత్రుల్లో.

థర్మోస్టాట్లు కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరుకుతాయి. చవక రకంలో రిలే (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే భాగం) అప్పుడప్పుడు ఆన్‌లోనే అతుక్కుపోతుంది. ఇక హీటర్ ఆగదు. అందుకని వరుసలో రెండోది పెట్టండి, రెండు డిగ్రీలు ఎక్కువకి సెట్ చేసి. ప్రోబుని (వేడి కొలిచే తీగ కొసని) పాము కదపలేని విధంగా బిగించండి.

ఇంకో మాట, ఇది వినని వాళ్లతో నేను మాట్లాడను. మన నేల మీది పాముల్ని, జెర్రిపోతైనా కొండచిలువైనా, పెట్టెలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇంట్లోకి వస్తే పాముల్ని కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లని పిలవండి. బాల్ పైథాన్ సైట్స్ (వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలో ఉంది కాబట్టి 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొనకండి.

ఆదివారం ఆయన ఇంట్లో పై మూడు డబ్బాలు కిందికి దింపి, హీటింగ్ తీసేసి, గదిలో ఏసీ వేయించి వచ్చాను. సాయంత్రానికి ఆ పాము గిన్నెలోంచి బయటికొచ్చిందని ఫోన్ చేశారు. కొత్త పెట్టెలు వెంటనే మొదలుపెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ముందు ఈ రోహిణి కార్తె పూర్తయ్యేదాకా ఆ గదిలో నేల దగ్గర ఒకటి, మూడడుగుల దగ్గర ఒకటి, ఆరడుగుల దగ్గర ఒకటి థర్మామీటర్ పెట్టి రోజూ మధ్యాహ్నం మూడింటికి రాయమన్నాను. ఆ అంకెలు తీసుకునే వడ్రంగి అన్న దగ్గరికి వెళ్తాం. నా పెట్టెల కొలతలు కావాల్సిన వాళ్లు అడగండి, పంపిస్తాను. మీ గది అంకెలు మాత్రం మీరే రాసుకోవాలి.