కొండకు రెండు నెలల సెలవు

మున్నార్ వెళ్లొచ్చిన మనవాళ్ల నోట తరచూ వినబడే మాట: "ఎరవికులంలో చూపించేది కాస్తే, టికెట్టు మాత్రం బాదేస్తున్నారు." చూపించేది కాస్తే అన్నది నిజం. 97 చదరపు కిలోమీటర్ల జాతీయ పార్కులో పర్యాటకులకు వదిలింది రాజమల వైపు చిన్న ముక్క. సొంత కారు కిందే ఆపాలి. అటవీ శాఖ బస్సెక్కి వెళ్లి, ఆపైన రోడ్డు వెంట కొంత దూరం నడవాలి. దక్షిణాదిలోకెల్లా ఎత్తయిన ఆనముడి (2,695 మీటర్లు) ఈ పార్కులోదే అయినా, వచ్చినవాళ్లందరినీ ఎక్కనివ్వరు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ కాస్త దారీ మూసేస్తారు. నీలగిరి తార్‌లు, అంటే అక్కడివాళ్లు వరయాడులనే కొండమేకలు, ఈనే కాలమది.

టికెట్టు డబ్బులు గిట్టుబాటయ్యేది సరిగ్గా ఈ కట్టడి వల్లేనంటాను. తేయాకు తోటలు దాటి గడ్డి వాలు మొదలయ్యాక, రోడ్డు పక్కనే మేస్తూ మగ తార్ ఎదురుకావచ్చు. ముదురు గోధుమరంగు ఒళ్లు, వెనక్కి వంగిన కొమ్ములు, వీపున జీను వేసినట్టు వెండిరంగు మచ్చ. మనిషిని చూసి బెదరదు. వేట సాగేచోట అడవి జంతువుకు అంత ధీమా ఉండదు. చిత్రమేమిటంటే, ఇది ఒకప్పుడు తోటల దొరలు వేట కోసం అట్టేపెట్టుకున్న నేల. 1971 చట్టంతో కేరళ ప్రభుత్వం చేతికొచ్చింది, 1975లో అభయారణ్యమైంది, 1978లో జాతీయ పార్కైంది.

చూసేవాళ్లకు బోడికొండలనిపించే ఈ గడ్డి ఖాళీ జాగా కాదు. లోయల మడతల్లో పొట్టి చెట్లు గుబురుగా పెరిగే షోలా అడవులూ వాలు మీది గడ్డీ కలిసి వాననీటిని పట్టి ఉంచి, పెరియార్‌కూ కావేరికీ చేరే వాగులకు మెల్లగా వదులుతాయి. పన్నెండేళ్లకోసారి విరగబూసే నీలకురింజి కూడా ఇక్కడిదే. 2018 పూతకాలాన్ని వరదలు దెబ్బతీశాయి. మళ్లీ 2030లో పూయాలి. అసలు పరీక్ష అప్పుడుంది. పూలకోసం ఎగబడే జనాన్ని గేటు దగ్గర ఆపే ధైర్యం అధికారులకుంటుందా?

మన పాపికొండలూ 2008 నుంచి జాతీయ పార్కే. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి మనలో చాలామందికి బోటు షికారుగానే తెలుసు. 2019 కచ్చులూరు ప్రమాదం తర్వాత బోట్ల భద్రత గురించి మాట్లాడుకున్నాం, మాట్లాడాల్సిందే. ఆ కొండలు ఎంతమందిని మోయగలవన్నది మాత్రం చర్చకే రాలేదు. పాడేరు దగ్గరి వనజంగి కొండ మీద మబ్బుల కోసం తెల్లవారకముందే బారులుతీరే బళ్ల సంగతీ అంతే. కొత్త వ్యూపాయింటో జిప్‌లైనో ప్రకటించేముందు, రోజుకు ఎందరిని పైకి పంపాలో, ఏ నెలల్లో అసలు పంపకూడదో పర్యాటక శాఖ, అటవీ శాఖ కూర్చుని తేల్చాలి.