ప్రసూతి సెలవు భారం ప్రాజెక్టు నెత్తినేనా?

పరిశోధన రంగంలో మహిళల కోసం మన దగ్గర విధానాలకు కొదవ లేదు. కేంద్ర సైన్స్, టెక్నాలజీ విభాగం 2020లో పరిశోధన సంస్థల్లో లింగ సమానత్వం పెంచే ‘గతి’ కార్యక్రమం తెచ్చింది. బ్రిటన్ 2005లో మొదలుపెట్టిన ఎథీనా స్వాన్, అంటే సమానత్వం కోసం పాటుపడే విద్యాసంస్థలకు అవార్డులిచ్చే పథకం, దీనికి నమూనా. 2020 చివర్లో వచ్చిన మన సైన్స్ విధానం ముసాయిదా, నిర్ణాయక కమిటీల్లో 30 శాతం మహిళలు ఉండాలంది. 2022లో ప్రభుత్వ ప్రయోగశాలలు నడిపే సీఎస్ఐఆర్‌కు తొలి మహిళా డైరెక్టర్ జనరల్‌గా కలైసెల్వి వచ్చారు. సంతోషమే. కానీ అసలు వడపోత ఆ కమిటీల్లో జరగడం లేదు. ప్రాజెక్టులోకి జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలో)ను తీసుకునే ఇంటర్వ్యూలో జరుగుతోంది.

మూడేళ్ల ప్రాజెక్టునే తీసుకుందాం. తొలి విడత నిధులు వచ్చి, ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ పెట్టి, పరికరాలకు టెండరు పిలిచేసరికి ఆరేడు నెలలు ఇట్టే కరిగిపోతాయి. చేరిన అమ్మాయి రెండో ఏడాది ప్రసూతి సెలవు పెడితే 26 వారాలు. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో నెగ్గి సొంత ఫెలోషిప్ తెచ్చుకున్నవారికైతే యూజీసీనో, సీఎస్ఐఆరో చెల్లిస్తుంది. ప్రాజెక్టు ఫెలో అయితే ఆ డబ్బు సాధారణంగా ప్రాజెక్టు మ్యాన్‌పవర్ (సిబ్బంది జీతాల) పద్దులోంచే పోతుంది. నెలకు 37,000 చొప్పున ఆరు నెలలకు 2,22,000, ఇంటి అద్దె అలవెన్సు కాకుండా. ఆ పద్దులో ఉండేది తరచూ ఒక్క పోస్టే కాబట్టి బదులు మనిషిని పెట్టుకునే వీల్లేదు. ఎలుకలకు మేత ఆగదు, ల్యాబులో పెంచే కణాలకు పోషక ద్రవం మార్చడం ఆగదు. గడువు పెంచమని అడిగితే మామూలుగా దొరికేది అదనపు నిధుల్లేని పొడిగింపు. అంటే గడువు పెరుగుతుంది, జీతానికి మాత్రం పైసా ఉండదు.

ఇక ప్రాజెక్టు నడిపే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ ఏం చేస్తారు? ‘పెళ్లయిందా? మీవారెక్కడ పనిచేస్తారు?’ అని అడుగుతారు. అడగకూడదని తెలిసినవాళ్లు మనసులోనే లెక్క వేసుకుంటారు. అందుకు స్త్రీద్వేషి కానక్కర్లేదు, ఖర్చుల పట్టిక ముందుంటే చాలు. మహిళా శాస్త్రవేత్తలు కూడా ఇదే లెక్క వేస్తారు. ఇలాంటివాళ్లను కూర్చోబెట్టి లింగ సమానత్వంపై ఒక పూట వర్క్‌షాపు పెడితే మారేదేమిటి?

రేడియో ఐసోటోపులతో పనిచేసే ల్యాబుల్లో లెక్క ఇంకా కచ్చితం. గర్భం సంగతి తెలిపాక పిండానికి చేరే రేడియేషన్ మోతాదు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన. మంచి నిబంధనే. ఆ నెలల్లో ఆమె ప్రయోగాలు ఎవరు చేయాలో మాత్రం మంజూరు ఉత్తర్వులో కనబడదు.

మహిళలకు సైన్స్, టెక్నాలజీ విభాగం ఇచ్చే వైజ్-కిరణ్ ఫెలోషిప్ పథకాలున్నాయి, పీహెచ్‌డీలో 240 రోజుల సెలవుంది, 2022 యూజీసీ నిబంధనల్లో అదనంగా రెండేళ్ల గడువూ ఉంది, ఇంకేం కావాలంటారు కొందరు. గడువు పెంచితే ఫెలోషిప్ పెరగదు. మళ్లీ పరిశోధనలోకి రప్పించే పథకాలు బయటికి వెళ్లిపోయినవారికి. వెళ్లకుండా ఆపేవి ఏవి?

డబ్బుతో ముడిపెడితే సంస్థలు ఎలా కదులుతాయో బ్రిటన్‌లో చూశాం. ఎథీనా స్వాన్ సిల్వర్ అవార్డు లేని వైద్య కళాశాలలకు పెద్ద బయోమెడికల్ నిధులు రావని 2011లో అక్కడి ప్రధాన వైద్యాధికారి శాలీ డేవిస్ తేల్చేశాక దరఖాస్తులు వెల్లువెత్తాయి. కాగితాల భారమంటూ 2020లో ఆ షరతు ఎత్తేశారు, అది వేరే కథ. ఐరోపా సమాఖ్య కూడా 2022 నుంచి తన హొరైజన్ పరిశోధన నిధులు కోరే విశ్వవిద్యాలయాలకు సమానత్వ ప్రణాళిక తప్పనిసరి చేసింది. మన గతికి అలాంటి మెలిక లేదు.

నిజానికి ఇది ఆడవాళ్ల సమస్య అనుకోవడమే పొరపాటు. దేశంలో ప్రయోగశాలలు నడిచేది తాత్కాలిక చేతుల మీద. ఫెలోషిప్ నెలల తరబడి రాకపోయినా, ప్రాజెక్టు మూసేసినా అడిగే నాథుడు లేని కొలువులవి. ఆ అస్థిరతకు గర్భిణి ముందుగా దొరికిపోతుంది, అంతే. రేపు క్షయ సోకిన కుర్రాడికైనా గతి అదే.

పరిశోధన ప్రాజెక్టులకు నిధులిచ్చే సెర్బ్‌ను తనలో కలుపుకున్న అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ దీన్ని ఒక్క ఉత్తర్వుతో సరిచేయగలదు. సెలవు జీతాన్ని ఫౌండేషన్ ఉమ్మడి నిధి నుంచి చెల్లించాలి. మ్యాన్‌పవర్ పద్దును తాకకుండా ఉంచి, అందులోంచి ఆర్నెల్లకు బదులు ఫెలోను తీసుకోనివ్వాలి. సెలవు ఎన్ని వారాలైతే ప్రాజెక్టు గడువూ అన్ని వారాలు, జీతంతో సహా, అడగకుండానే పెరగాలి. ప్రతి నియామకానికీ దరఖాస్తు చేసినవారు, ఇంటర్వ్యూకు పిలిచినవారు, ఎంపికైనవారు స్త్రీ పురుషుల వారీగా ఎందరో సంస్థ వెబ్‌సైటులో పెట్టాలి. పెట్టని సంస్థకు మలి విడత నిధులు ఆపాలి.