ఉత్తర ధ్రువం మీదుగా అత్తయ్యగారు

నిన్న పొద్దున్న జరిగింది. చెవులు ఇంకా మండుతూనే ఉన్నాయి.

మా ఆవిడకి నెలలు నిండాయి. పురుడు పోయడానికి అత్తయ్యగారు హైదరాబాదు నుంచి దుబాయ్ మీదుగా డాలస్ బయల్దేరారు. టికెట్ కొన్నది నా బావమరిది. దాని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. సరిగ్గా ఇక్కడ దిగే టైము మీద మహానుభావుడి బొటనవేలు. వేలు తీసి మళ్ళీ పంపమని అడగొచ్చు. వాణ్ణి ఏదైనా అడిగితే సంక్రాంతిదాకా దెప్పుతాడు.

అందుకని రెండు ఊళ్ళ పేర్లు కొడితే దూరం, టైము చెప్పే సైటొకటి తెరిచాను. 14,400 కిలోమీటర్లు, 17 గంటలు అంది. విమానం అక్కడ బయల్దేరేది శుక్రవారం రాత్రి 10కి, అంటే ఈ వేసవిలో మాకు పొద్దున్న 11:30. పదిహేడు కలిపితే శనివారం తెల్లవారుజామున 4:30.

"తమ్ముడు తొమ్మిదిన్నర అన్నాడే" అంది మా ఆవిడ.

"మీ తమ్ముడికి లెక్కలెప్పుడొచ్చాయి?" అన్నాను. చాలా బాగా అన్నాననుకున్నాను కూడా.

నాలుగింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉన్నాను. చేతిలో 'అమ్మమ్మకి స్వాగతం' అని మార్కర్‌తో రాసిన గ్యాస్ బెలూన్. బోర్డు చూస్తే దుబాయ్ విమానం ఊసే లేదు. గుండె జారింది. ఫోన్ తీయబోయి దారం వదిలేశాను.

బెలూన్ ఏ తొందరా లేకుండా, పెళ్ళివారింట్లో పెద్దమనిషిలా నింపాదిగా పైకి వెళ్ళి కప్పుకి ఆనుకుంది. దారం నా వేళ్ళకి జానెడు ఎత్తులో. ఎగిరాను. నేనెగిరిన గాలికి అది ఓ అడుగు పక్కకి జరిగింది. మళ్ళీ ఎగిరాను, మళ్ళీ జరిగింది. నలభై రెండేళ్ళ వాణ్ణి, రెండు పిల్లర్ల మధ్య ఒంటరిగా కబడ్డీ ఆడాను. నేల తుడుస్తున్న పెద్దాయన కాసేపు చూసి, జాలిపడి మాప్ కర్ర అందించాడు. కర్రతో పొడిస్తే దారం ఏసీ గాలి వచ్చే జాలీలో చిక్కుకుంది.

"ఎవరొస్తున్నారు?" అన్నాడు.

"అత్తగారు. దుబాయ్ ఫ్లైట్."

"అది తొమ్మిదిన్నరకి కదా" అన్నాడు, తుడుపు ఆపకుండా.

అప్పుడు వెలిగింది. ఆ సైటు చేసేదల్లా గ్లోబు మీద దారం లాగి, దూరాన్ని విమానం వేగంతో భాగించడం. ఈ రెండు ఊళ్ళూ భూగోళానికి దాదాపు అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి ఆ దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. హైదరాబాదు నుంచి డాలస్‌కి నేరుగా విమానమే లేదన్న ముక్క మాత్రం దానికి పట్టదు! అత్తయ్యగారు ముందు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు ఎగిరి దుబాయ్‌లో దిగాలి, రెండు గంటలు పడిగాపులు పడాలి, మళ్ళీ 12,900 కిలోమీటర్లు, పదహారు గంటలు కూర్చోవాలి. ఇదంతా నేల తుడిచే పెద్దాయనకి తెలుసు. సైటుకి తెలీదు. ఎమ్‌టెక్ చదివిన నాకూ తట్టలేదు.

ఆరు గంటలకి మా ఆవిడ ఫోన్. ఏడింటికి బావమరిది ఫోన్. ఎత్తలేదు.

పదిన్నర దాటాక అత్తయ్యగారు ట్రాలీ తోసుకుంటూ వచ్చారు.

"చాలాసేపైందా బాబూ వచ్చి?"

"లేదండీ, ఇప్పుడే."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పైకి చూశారు. "అక్కడెవరో తెలుగులో రాశారే!"

"మనవాళ్ళెవరో వదిలేసి ఉంటారు అత్తయ్యగారూ, పదండి."